పూర్తి కీటోనా, ఒంటిపూట అన్నమా? మా పర్లాకిమిడిలో ఏది నిలిచిందంటే

సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయిన మర్నాడు నేనూ మా బావమరిదీ కలిసే బరువు తగ్గే పని మొదలుపెట్టాం. నేనుండేది ఒడిశాలోని పర్లాకిమిడి, వాడిది ఆంధ్రా వైపు పాతపట్నం. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందన్న మాటే గానీ బండి మీద పావుగంట దారి. నేను పూర్తి కీటో పట్టాను. వాడు మధ్యాహ్నం ఒక్కపూట అన్నం ఉంచుకుని, మిగతా పూటలు గుడ్లు, కూరలు, మజ్జిగతో సరిపెట్టుకుంటానన్నాడు. మాకు తెలిసిన ఇంకొకాయన వారమంతా కీటో, ఆదివారం సెలవు అని మూడో దారి చూసుకున్నాడు. ఎవరెంత తగ్గారన్న లెక్క తర్వాత. ఎవరిది ఎక్కువ కాలం నిలిచిందో, ఎందుకు నిలిచిందో చెబుతాను.

కీటో అంటే రోజు మొత్తానికి కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) 20 నుంచి 50 గ్రాముల లోపే. వండిన అన్నం 100 గ్రాముల్లోనే 28 గ్రాముల దాకా ఉంటాయి. మా వైపు మొదటి మారు వడ్డించే అన్నమే పావు కిలోకి తగ్గదు కాబట్టి ఆ ఒక్క వడ్డనతో రోజు కోటా దాటిపోయినట్టే. చోడి (రాగి) అంబలి తాగితే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. చోడిపిండిలోనూ 100 గ్రాములకు 70 గ్రాముల దగ్గర కార్బ్స్ ఉంటాయి. చోళ్ళు మంచివే, కీటోకి మాత్రం పనికిరావు. ఇంత కట్టడి ఎందుకంటే అసలిది వైద్యంగా పుట్టింది. 1921లో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ఈ పేరుతో ఆహారం సూచించాడు. బరువు తగ్గే వాళ్ళ చేతికి వచ్చింది తర్వాతే. మన తెలుగు ఊళ్ళలో ఇలాంటి పద్ధతి వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, నిమ్మకాయల రూపంలో ఇంటింటికీ వచ్చింది.

పూర్తి కీటోలో నాకు నచ్చింది ఒకటుంది. ఏమీ ఆలోచించక్కర్లేదు. 'రెండు ముద్దలు తిందామా, మూడా' అని కంచం ముందు కూర్చుని బేరమాడుకునే పని లేదు. మొదటి వారం తలనొప్పి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం. మానేద్దామనిపించింది. కార్బ్స్ తగ్గితే ఒంట్లోంచి నీటితో పాటు ఉప్పూ పోతుంది. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకుని రోజుకు మూడు గ్లాసులు తాగాక కుదుటపడ్డాను (బీపీ ఉన్నవాళ్ళు ఈ పని డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు). రెండో వారం నుంచి ఆకలి చచ్చిపోయింది. సాయంత్రం పకోడీల బండి పక్కనుంచి నడిచి వెళ్ళినా మనసు లాగలేదు. ఈ సుఖం ఒంటిపూట అన్నంలో దొరకదు. మా వాడికి సాయంత్రం ఐదయ్యేసరికి రోజూ ఆకలే.

మరి ఎక్కడ తేడా కొట్టిందంటే వైశాఖంలో ఒక పెళ్ళి దగ్గర. అత్తగారు ఎదురుగా నిలబడి, "ఏటి బాబూ, మెతుకు ముట్టరా? ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు. రెండు రోజులు పులిహోర, బూరెలు, పెరుగన్నం. ఇంటికొచ్చి మిషన్ ఎక్కితే రెండు కిలోలు పెరిగాను! మూడు నెలల కష్టం రెండు పూటల్లో పోయిందనుకుని మూడు వారాలు అన్నీ వదిలేశాను. అదే పెళ్ళిలో నాకంటే ఎక్కువ తిన్న బావమరిది అర కిలో కూడా పెరగలేదు. "నువ్వు చూసింది నీళ్ళు బావా, కొవ్వు కాదు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో అర కిలో వరకు చక్కెర నిల్వ ఉంటుంది. ప్రతి గ్రామూ తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కీటో మొదటి వారంలో 'తగ్గిన' బరువులో పెద్ద భాగం అదే. పెళ్ళి భోజనం తర్వాత తిరిగొచ్చిందీ అదే. రోజూ అన్నం తినేవాడి నిల్వ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు కాబట్టి వాడి ముల్లు అంతగా ఊగదు. అందుకని కీటో చేసేవాళ్ళు రోజూ మిషన్ ఎక్కితే మనసు పాడు. నేనిప్పుడు మొలతాడునే కొలతగా పెట్టుకున్నాను. నెలకోసారి ముడి ఎక్కడికి జరిగిందో చూస్తాను. నీళ్ళు వచ్చినా పోయినా దానికి పెద్దగా పట్టింపు లేదు.

ఆదివారం సెలవు పెట్టిన ఆయన సంగతి రెండు మాటల్లో. ఆదివారం బిర్యానీ తిన్నాక ఒళ్ళు మళ్ళీ కీటోసిస్‌లోకి, అంటే చక్కెర బదులు కొవ్వును వాడుకునే స్థితిలోకి, రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. అంటే బుధవారం దాకా తలనొప్పి, శనివారం నుంచి బిర్యానీ ధ్యాస. కష్టం పూర్తిగా, ఫలం సగం. ఆరు వారాల్లో మానేశాడు. మూడింటిలోకీ ఇదే నాసి అని నా అభిప్రాయం.

ఇక మా ఊరి ప్రత్యేకమైన చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. అప్పట్నుంచీ మాకు రెండు వైపుల పండుగలూ ఉన్నాయి. ఉగాది, వినాయక చవితి మనవి. జూన్‌లో రజ పండుగకు పక్కింటి ఒడియా వాళ్ళు పొడపిఠా పంపిస్తారు. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి, పైన మాడిన అంచు... వద్దనడం ఎవరి తరం? అయినా అది ఒక్క ముక్కతో పోతుంది. అసలు పరీక్ష కార్తీకం. ఒడియా ఇళ్ళలో చాలామంది నెలంతా చేప, గుడ్డు ముట్టరు. మా ఇంట్లోనూ అంతే. ఒంటిపూట అన్నం వాడికి అదేం పెద్ద మార్పు కాదు, గుడ్డు బదులు పెసలు తింటాడు. నాకేమో తిండిలో సగం మాయమైంది. పప్పు తిందామన్నా గిన్నెడు ముద్దపప్పులోనే 20 గ్రాముల పైన కార్బ్స్.

నన్ను గట్టెక్కించింది ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద. ఒడిశాలో ఉన్నందుకు ఇదొక లాభం, మిఠాయి కొట్టువాడు పంచదార కలపకముందే పొద్దున్నే తాజాగా ఇస్తాడు. నేతిలో క్యాప్సికంతో వేయించుకోవడం, వేరుశెనగ పచ్చడి, కొబ్బరి వేసిన తోటకూర. ఇరవై రోజులు బాగానే గడిచింది. ఆఖరి పది రోజులు ఛెనా వాసన అంటేనే విసుగు. పున్నమి మర్నాడు, మళ్ళీ మాంసం, చేపలు మొదలుపెట్టే ఛాడఖాయి రోజున, తెల్లారకముందే చేపల బజారులో అందరికంటే ముందు నేనే ఉన్నాను.

అలవాటు గురించి లండన్‌లో 96 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. కొత్త అలవాటు తనంతట తాను సాగే స్థితికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా తేలింది. వైశాఖంలో ఇది నాకు తెలిసి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని ఏడాది పాటు చూస్తే తక్కువ కొవ్వు తిన్నవాళ్ళు సగటున 5.3 కిలోలు, తక్కువ కార్బ్స్ తిన్నవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. అందులో కార్బ్స్ తగ్గించిన వాళ్ళు కూడా మొదట 20 గ్రాములకు దిగి, తర్వాత తమకు కుదిరే చోటికి పెంచుకున్నవాళ్ళే.

నేను చివరికి చేరిందీ అక్కడికే. మాఘం నుంచి రెండు నెలలు పూర్తి కీటో. అప్పుడు పండుగల ఒత్తిడి తక్కువ, ఆకలి అదుపులోకి వస్తుంది. తర్వాత బావమరిది దారి. ఏడాది పొడుగునా నిలబడేది వాడిదే, ఒప్పుకోక తప్పదు. ఇంట్లో వేరే వంట వండేవాళ్ళు లేనివాళ్ళు, ఊళ్ళు తిరిగే ఉద్యోగం వాళ్ళు మొదటి రోజు నుంచే ఒంటిపూటకు వెళ్ళడం మేలు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్ళు కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోతుంది. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మాత్రలు వేసుకునేవాళ్ళకు చక్కెర మామూలుగా ఉన్నా కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి) వచ్చే ప్రమాదం ఉంది. వీళ్ళు డాక్టర్‌ని కలవకుండా రెండింటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు మార్గశిరం వస్తోంది. మా ఇంట్లో లక్ష్మివారం (గురువారం) పూజ, పక్కింట్లో మాణబసా గురుబార అనే ఒడియా వాళ్ళ లక్ష్మీపూజ, రెండూ ఒకే రోజు. వారం వారం రెండు ఇళ్ళ నైవేద్యాలూ మా వంటింటి గట్టు మీదే చేరతాయి. పూజ రోజున మధ్యాహ్నం అన్నం మానేసి ఆ లెక్కలో ఒక పిఠా, ఒక గరిటె పరమాన్నం అనుకున్నాను. బావమరిది మాత్రం లక్ష్మివారాలు నాలుగూ పాతపట్నం నుంచి భోజనానికి మా ఇంటికే వస్తానని ఇప్పుడే ఫోన్ చేశాడు.