80 దగ్గర ఆగే ఛార్జింగ్: మూడేళ్లు దాటిన వాడకం తర్వాత

నేను వాడుతున్న ఈ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎలా ఉంది అన్నవి ఇది వచ్చిన కొత్తలోనే చాలామంది రాసేశారు. వాటి జోలికి పోను. దీని మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి ఒకటే కారణం. బ్యాటరీ 80 శాతానికి రాగానే ఛార్జింగ్ దానంతట అదే ఆగిపోయే సెట్టింగ్ ఇందులో ఉంది. మూడేళ్లు దాటింది, పొద్దున్నుంచి రాత్రి దాకా ప్లగ్గులోనే ఉంచి వాడుతున్నాను. బ్యాటరీ ఇంకా బాగానే ఉంది. ఇంత మేలు చేసే సెట్టింగ్‌ను కంపెనీలు కొన్న రోజే కనిపించేలా ఎందుకు పెట్టవో, ఎక్కడో నాలుగు మెనూల లోపల ఎందుకు దాచేస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాది డీటీపీ పని. పెళ్లి పత్రికలు, స్కూల్ మ్యాగజైన్లు, అప్పుడప్పుడు పుస్తకాలు. ఉండేది పెద్దపల్లిలో. పేరుకే ల్యాప్‌టాప్ కానీ నా బల్ల మీద నుంచి కదలదు. బ్యాటరీతో నాకు పని పడేది కరెంటు పోయినప్పుడే. ఇంకోలా చెప్పాలంటే నాకది లోపల ఉన్న యూపీఎస్. కాబట్టి పది గంటలు వస్తుందా, పన్నెండు గంటలు వస్తుందా అన్నది నాకు ముఖ్యం కాదు. కరెంటు పోయిన ఆ గంటా రెండు గంటలు నమ్మకంగా నడవాలి, అంతే.

ఇంతకుముందు వాడిన ల్యాప్‌టాప్‌లో ఈ సెట్టింగ్ లేదు. రెండో ఎండాకాలం వచ్చేసరికి టచ్‌ప్యాడ్ క్లిక్ పడటం మానేసింది. తర్వాత మూత సరిగా మూసుకోలేదు. రిపేర్ షాపులో వెనక మూత విప్పి చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి పైకి నెడుతోంది. లోపలి ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుడితే అలా ఉబ్బుతుంది. అలాంటి బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, మంటలు రావచ్చు. షాపతను మాత్రం తేలిగ్గా అనేశాడు: "ఛార్జింగ్ పెట్టి వాడితే ఇంతే మేడం. ఫుల్ అయినంక పీకేయాలె, మొత్తం దిగినంక మళ్ల పెట్టాలె."

ఈ సలహా మీరూ వినే ఉంటారు. సున్నా దాకా వాడాలన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీని రోజూ అడుగంటా దించి మళ్లీ నింపితే అరుగుదల పెరుగుతుందే తప్ప తగ్గదు. ప్లగ్గులో ఉంచి వాడటంలోనూ తప్పు లేదు. బ్యాటరీ నిండాక అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు నేరుగా మెషీన్‌కే పోతుంది, బ్యాటరీ పక్కన ఊరికే ఉంటుంది. అడాప్టర్ వాట్లు చాలకపోతేనో, పెద్ద గేమ్‌ల లాంటి బరువైన పని పడితేనో బ్యాటరీ కూడా కాస్త సాయం పడుతుంది. చెడంతా అది పూర్తిగా నిండి, వేడిలో, నెలల తరబడి అలాగే ఉండటంలో ఉంది. బ్యాటరీ లోపల ఉండే ఒక్కో చిన్న భాగాన్ని సెల్ అంటారు. నిండుగా ఉన్న సెల్‌లో వోల్టేజ్ 4.2 వోల్టుల దాకా, కొన్ని రకాల్లో ఇంకా పైకి ఉంటుంది. ఆ ఒత్తిడికి ఎండ వేడి తోడైతే లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. వాడకుండా నిల్వ ఉంచిన లిథియం అయాన్ సెల్‌ల గురించి తరచూ చూపించే లెక్క ఒకటుంది. నిండుగా నింపి 25 డిగ్రీల్లో ఏడాది ఉంచితే దాదాపు 80 శాతం కెపాసిటీ మిగులుతుంది, 40 డిగ్రీల్లో ఉంచితే 65 శాతమే. అదే 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 25 డిగ్రీల్లో 96, 40 డిగ్రీల్లో 85. మా పక్కనే ఉన్న రామగుండం ఎండలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. మే నెల మధ్యాహ్నం మా ముందు గదిలో 40 డిగ్రీలు పెద్ద విశేషం కాదు.

అందుకే రెండోసారి కొనేటప్పుడు ముందుగా ఈ సెట్టింగ్ ఉందా అనే చూశాను. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. లెనోవో కన్జర్వేషన్ మోడ్ అంటుంది, కొన్ని మోడళ్లలో 60 దగ్గర, కొన్నింటిలో 80 దగ్గర ఆపుతుంది. ఆసుస్ అప్పట్లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అని 100, 80, 60 మూడూ ఇచ్చేది. హెచ్‌పీ చాలా మోడళ్లలో బయోస్ లోపల, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో పెట్టింది. లైనక్స్ వాడేవాళ్లకు గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో 48వ వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది, మీ మెషీన్ దాన్ని ఒప్పుకుంటే. మీ అలవాట్లు చూసి తనే నిర్ణయించుకునే స్మార్ట్ ఛార్జింగ్ కూడా కొన్నింటిలో ఉంటుంది. పని వేళలు ఒకలా లేని నాకు అది నచ్చలేదు. ఒక అంకె దగ్గర ఆగమంటే ఆగాలి.

మొదటి రెండేళ్లూ దీని గురించి ఎవరడిగినా పొగడ్తే. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అంటే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అని కొత్తప్పటి లెక్క, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఇప్పటి లెక్క పక్కపక్కనే ఉంటాయి. రెండేళ్ల తర్వాత చూసినా నాది కొత్తప్పటి లెక్కలో 96 శాతం ఉండేది. పాతది అదే వయసుకి ఉబ్బి చెత్తలోకి పోయింది, ఇది ఇంకా కొత్తదానిలా ఉంది అని తెలిసినవాళ్లందరికీ చూపించాను.

మూడో ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఒక పుస్తకం ఆఖరి ప్రూఫులు దిద్దుతున్నాను, మర్నాడు ప్రెస్‌కి ఫైల్ పంపాలి. 80 శాతం ఉంది కదా అని ధీమాగా పని చేసుకుంటూ పోయాను. బ్యాటరీ గుర్తు మీద 31 అని కనిపిస్తోంది, ఇంకా చాలా ఉందనుకున్నాను. హెచ్చరిక లేదు, స్క్రీన్ మసకబారడం లేదు, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ పేజీలో అప్పటిదాకా దిద్దినవన్నీ పోయాయి. కరెంటు వచ్చాక ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే బ్యాటరీ 4 శాతం చూపిస్తోంది. ముప్పై ఒకటి కాస్తా నాలుగు ఎలా అయింది?

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బ్యాటరీ అయిపోయింది, మార్చుకోవాల్సిందే అన్నారు. బ్యాటరీకి వారంటీ ఏడాదే, అది ఎప్పుడో దాటింది. ఆ సంగతి వాళ్లు నాకంటే ముందే చెప్పారు. ఛార్జింగ్ లిమిట్ పెట్టి వాడుతున్నానని నేను రెండుసార్లు చెప్పినా ఆ విషయం పట్టించుకోలేదు. కొత్త బ్యాటరీ ధర చెప్పి, ఎప్పుడు తెస్తారు అని అడిగారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

హైదరాబాద్‌లో హార్డ్‌వేర్ పని చేసే మా తమ్ముడు విని, "అక్కా, బ్యాటరీ పోలేదు. లెక్క తప్పింది. మార్చకు, ఆగు" అన్నాడు. వాడు చెప్పాక నాకు తెలిసిన విషయం ఇది. స్క్రీన్ మీద కనిపించే శాతం నేరుగా కొలిచింది కాదు. బ్యాటరీలోని చిన్న చిప్ లోపలికి ఎంత కరెంటు పోయింది, బయటికి ఎంత వచ్చింది అని కూడుతూ తీసేస్తూ పెట్టే అంచనా. ప్రతిరోజూ ఆ లెక్కలో కొంచెం తేడా వస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు, దాదాపు ఖాళీ అయినప్పుడు చిప్ ఆ తేడాను సరిచేసుకుంటుంది. నా బ్యాటరీ 80 దగ్గర ఆగిపోయేది, కరెంటు పోతే ఏ 60కో దిగి మళ్లీ 80కి వచ్చేది. పై కొస, కింది కొస రెండూ చూడక ఎన్నో నెలలైంది. తప్పు పోగుపడుతూ పోయింది. ఇదేమీ ఆ సెట్టింగ్ పక్కన రాసి లేదు, యూజర్ మాన్యువల్‌లో లేదు, ఫోన్ ఎత్తినవాళ్లకూ తెలియదు.

పని లేని ఒక ఆదివారం లిమిట్ తీసేసి 100 దాకా ఎక్కించి, గంటో రెండు గంటలో అలాగే వదిలేశాను. తర్వాత ఛార్జర్ తీసి, వీడియోలు పెట్టుకుని దానంతట అది ఆగేదాకా దించాను. మళ్లీ మధ్యలో ఆపకుండా 100 దాకా ఎక్కించి, లిమిట్ తిరిగి 80కి పెట్టాను. మర్నాటి నుంచి అంకె బుద్ధిగా దిగుతోంది. 30 అంటే 30 ఉంటోంది, 10 దగ్గర హెచ్చరిక వస్తోంది. కొన్ని వేల రూపాయలు మిగిలాయి.

కానీ ఆ ఆదివారం తర్వాత రిపోర్ట్ తీస్తే 96 లేదు. 88 ఉంది. అంటే నేను అందరికీ చూపించిన అంకె కూడా ఆ పాత అంచనా నుంచి వచ్చిందే. నిజమైన అరుగుదల చిప్‌కి తెలియక అదే చెప్తూ వచ్చింది. మూడేళ్లకి 88 అంటే నా దృష్టిలో ఇప్పటికీ చాలా మంచి లెక్క. అయితే ఇందులో ఎంత ఆ సెట్టింగ్ వల్ల, ఎంత ఈ బ్యాటరీ తయారీ బాగుండటం వల్ల అన్నది విడదీసి చెప్పలేను. పాత ల్యాప్‌టాప్ వేరు, దాని బ్యాటరీ వేరు. పైగా ఈసారి బల్లను కిటికీ పక్క నుంచి జరిపాను, కూలర్ గాలి తగిలే చోట పెట్టాను, కింద గాలి ఆడేలా స్టాండ్ వేశాను. వేడి తగ్గడం వల్ల కలిగిన మేలు ఎంతో కొంత ఉండే ఉంటుంది. 80 దగ్గర ఆపినంత మాత్రాన ఎండ నుంచి ఎవరూ తప్పించుకోలేరు. పరుపు మీద, దిండు మీద పెట్టి కింద గాలి రంధ్రాలు మూసేసి వాడేవాళ్లకు ఈ సెట్టింగ్ సగమే సాయం చేస్తుంది.

ఇంకో చిరాకు ఉంది. ఒకసారి కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక లిమిట్ చెప్పాపెట్టకుండా తీసేసుకుంది. స్క్రీన్ మూలలో 100 చూసి అనుమానం వచ్చి వెళ్తే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. ఎన్నాళ్లు అలా ఉందో. ఇప్పుడు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ముందు అదే చూస్తున్నాను. నెలా రెండు నెలలకోసారి పూర్తిగా నింపి, కింది దాకా దించడం కూడా అలవాటు చేసుకున్నాను. అంతకంటే తరచుగా అక్కర్లేదు, అది కూడా అరుగుదలే.

60కి పెట్టుకుంటే బ్యాటరీకి ఇంకా మంచిదని తెలుసు. కొన్నాళ్లు పెట్టి చూశాను, కరెంటు పోయినప్పుడు మరీ తొందరగా టెన్షన్ మొదలైంది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప ఈ గదిలో ప్లగ్గుకి లైన్ లేదు. ఇన్వర్టర్ లైన్ ఉన్నవాళ్లు, కరెంటు కోతలు లేని అపార్ట్‌మెంట్‌లో ఉండి ఇంటి నుంచే పని చేసేవాళ్లు 60కి పెట్టుకోవచ్చు. మా తమ్ముడి కూతురు వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. తన గదిలో ప్లగ్గు కోసం పోటీ, క్లాసులో ప్లగ్గు అసలే దొరకదు. ఆ పిల్లకి నేను ఈ సెట్టింగ్ పెట్టుకోమని చెప్పను. 100 దాకా ఎక్కించుకుని వాడుకోమంటాను, సెలవులకి ఇంటికొస్తే అప్పుడు 80కి మార్చుకోమంటాను.

నాలాగా బల్ల మీదే ఉంచి వాడేవాళ్లయితే మాత్రం, ఈ సెట్టింగ్ లేని ల్యాప్‌టాప్ ఎంత చౌకగా వచ్చినా నేను కొనను. షాపులో డెమో పీస్ మీద సెట్టింగ్స్ తెరిచి చూపించమని అడుగుతాను. తెలియదంటే మోడల్ నంబర్ రాసుకుని వచ్చి ఇంట్లో వెతుక్కుంటాను. ఈ మెషీన్ మీద నాకున్న అభిప్రాయం మాత్రం ఇంకో ఎండాకాలం చూశాక మారినా మారొచ్చు. ప్రస్తుతానికి 88, సరిచేసిన లెక్క ప్రకారం.