క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కటే చాలా, యూరిన్ కూడా ఇవ్వాలా?

బరంపురంలో ఉన్న మావాళ్ళూ, ఇచ్ఛాపురం నుంచి వచ్చిపోయే చుట్టాలూ ల్యాబ్ మెట్ల మీద నుంచే ఫోన్ చేసి అడిగేది ఇదే. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కనే పుట్టిన వాళ్ళం, కిడ్నీ పేరెత్తితే చాలు టెన్షన్. ఒక్క పరీక్షకే డబ్బులుంటే ఏది చేయించాలి?

మొన్న మా పిన్నికీ వాళ్ళబ్బాయికీ ఒకే రోజు రక్తం తీయించాం. పిన్నికి 65 ఏళ్ళు, గట్టిగా గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. తమ్ముడికి 30, బస్తాలు మోసే ఒళ్ళు. ఇద్దరి కాగితాల్లోనూ క్రియాటినిన్ 1.2. పక్కన నార్మల్ రేంజ్ కూడా 1.2 వరకు అనే ఉంది కాబట్టి ఎవరి అంకె కిందా గీత పడలేదు. "నార్మలేనట కదా బాబూ, ఇంకేటి?" అంది పిన్ని.

ఆ 1.2నే వయసూ, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంచనా) లెక్క కట్టాను, 2021లో వచ్చిన సీకేడీ-ఎపీ సూత్రంతో. తమ్ముడికి 83, పిన్నికి 50. మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి, దాన్ని వడకట్టి బయటికి పంపేది కిడ్నీ. బక్క మనిషిలో అది తయారయ్యేదే తక్కువ. అందుకే కిడ్నీ నీరసించినా అంకె చాలాకాలం బుద్ధిగానే కనిపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ వేయని ల్యాబ్ కాగితాన్ని నేను సగం కాగితమే అంటాను.

షుగర్ ఉన్నవాళ్ళు అడిగితే మాత్రం ముందు యూరిన్ ఏసీఆర్ అంటాను, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష అది. షుగర్ వల్ల వడపోత దెబ్బతినడం మొదలైతే మూత్రంలో అల్బుమిన్ పోతుంది, అప్పటికి క్రియాటినిన్ కదలకపోవచ్చు. ఏసీఆర్ 30 (మి.గ్రా/గ్రా) లోపు ఉంటే మంచిది, 300 దాటితే తాత్సారం చేయకూడదు. పట్టీ ముంచి చూసే మామూలు పరీక్షకు కొద్దిపాటి అల్బుమిన్ దొరకదు. పొద్దున్నే మొదట పోసిన మూత్రం ఇస్తే మేలు. జ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గాకే ఇవ్వండి.

అలాగని ఏసీఆర్ బాగుందని మనవాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకూడదు. ఉద్దానం జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్న గొట్టాలనూ వాటి చుట్టుపక్కలనూ తినేస్తుంది. చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. పిన్ని పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి వైపు, షుగర్ లేదు. ఏసీఆర్ కూడా చేయిస్తే 18 వచ్చింది. అదొక్కటే చేయించి ఉంటే నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. కవిటి, సోంపేట, కంచిలి మూలాలున్నవాళ్ళు బరంపురంలో కాపురమున్నా సరే, ఒక్కటే అంటే నా ఓటు క్రియాటినిన్‌కే, ఈజీఎఫ్ఆర్‌తో కలిపి. రెండూ చేయించగలిగితే ఇంత ఆలోచనే అక్కర్లేదు.

బ్లడ్ యూరియా తిండిని బట్టీ తాగిన నీళ్ళను బట్టీ ఊగుతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. సిస్టాటిన్-సి కండతో పెద్దగా పనిలేని పరీక్ష, కానీ ఖరీదు. 24 గంటల మూత్రం డబ్బాలో పట్టడం డాక్టరు అడిగితేనే.

పిన్నిని డాక్టరుకి చూపించాం. మూడు నెలలయ్యాక మళ్ళీ తీయించమన్నారు, ముందురోజు మాంసం వద్దన్నారు. మోకాళ్ళ నొప్పులకని కొంగు ముడిలో దాచుకున్న, కిడ్నీకి పడని డైక్లోఫెనాక్ మాత్రలు ఆ గదిలోనే బయటపడ్డాయి.