నల్లగొండలో రాక్ షోకు సౌండ్ సెట్ కిరాయి: మైకులకు ఢోకా లేదు, గిటార్ సంగతి మీరే చూసుకోవాలి

క్లాక్ టవర్ దగ్గరి ఈ షాపు ముఖ్యంగా పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు, పార్టీ సభలకు మైక్‌సెట్ ఇస్తుంది. కాలేజీ బ్యాండ్లు కూడా ఇక్కడికే వస్తున్నాయి. యూటూ, క్రాన్‌బెర్రీస్, రేజ్ అగెనెస్ట్ ద మెషిన్ లాంటి విదేశీ రాక్ బ్యాండ్ల పాటలు వాయించేవాళ్లకు ఈ సెట్ సరిపోతుంది గానీ, ఆపరేటర్ పక్కన బ్యాండ్ మనిషి ఒకరు నిలబడాల్సిందే.

ముందు మంచి చెప్పుకుందాం. మైకులు ఎస్‌ఎం58లు, అంటే పాడేవాళ్ల కోసం చేసిన షూర్ కంపెనీ మైకులు. గ్రిల్ సొట్టలు పడ్డా గొంతు శుభ్రంగా పలుకుతుంది. పాడు చేసేది ఎకో. సభల అలవాటు కొద్దీ అడగకముందే పెట్టేస్తారు. యూటూ పాట 'సండే బ్లడీ సండే' (1983)నే చూడండి. దాని వెనక ఉన్నది 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు జరిపిన కాల్పులు. ఆ రోజే 13 మంది చనిపోయారు. అయినా ఇది తిరుగుబాటు పాట కాదని యూటూ గాయకుడు బోనో స్టేజీ మీద చెప్పుకోవాల్సి వచ్చింది. మాటలు అందకపోతే జనం పాటను తలకిందులుగా అర్థం చేసుకుంటారు మరి. ఎకోలో ముందు లైను తోక వెనక లైను మీద పడుతుంది. "అన్నా, ఎకో మొత్తం తీసెయ్" అని మొదటే చెప్పండి.

రెండో తంటా లిమిటర్, అంటే సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కేసేది. 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ బాంబు దాడిలో ఇద్దరు పిల్లలు చనిపోయాక పుట్టిన క్రాన్‌బెర్రీస్ పాట 'జాంబీ' (1994) మొదటి నుంచి చివరిదాకా నాలుగే గిటార్ కార్డులు: ఈ మైనర్, సి, జి, ఎఫ్ షార్ప్ బేస్‌తో డి. చరణం మెల్లగా నడుస్తుంది, కోరస్‌లో డిస్టార్షన్, అంటే గిటార్ గరగర మోత, విరుచుకుపడుతుంది. పాట బలమంతా ఆ లేవడంలోనే ఉంది. బాక్సులు కాలిపోతాయన్న భయంతో ఇక్కడ లిమిటర్ బిగించి పెడతారు. దాంతో చరణం, కోరస్ ఒకే ఎత్తుకు వచ్చి చదునైపోతాయి. లిమిటర్ తియ్యమంటే ఒప్పుకోరు, అడగడం దండగ. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి, చరణం కోరస్ కంటే 10 డెసిబెల్స్ కింద ఉండేలా సౌండ్ చెక్‌లోనే చూసుకోండి.

గిటార్ యాంప్ షాపులో లేదు. గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్వరాలు చచ్చిపోతాయి. గిటార్ తీగల మోతను పట్టే పికప్‌కు మెగా ఓమ్ (పది లక్షల ఓములు) దరిదాపు ఇన్‌పుట్ కావాలి, అక్కడ ఉండేది వేల ఓములే. డిస్టార్షన్ పెడల్ ఒక్కటే పెట్టి పంపితే కందిరీగల తుట్టె కదిపినట్టు మోగుతుంది. క్యాబినెట్ సిమ్యులేషన్ (యాంప్ స్పీకర్ బాక్సు ధ్వనిని అనుకరించేది) ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ తీసుకుపోండి, లేదంటే చిన్న యాంప్ మోసుకుపోయి ఎస్‌ఎం57 అనే వాయిద్యాల మైకును స్పీకర్ మధ్య టోపీ అంచుకు గురిపెట్టండి.

రేజ్ అగెనెస్ట్ ద మెషిన్ పాట 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' (1992) డ్రాప్ డిలో, అంటే లావు తీగను ఈ నుంచి డికి దించిన శ్రుతిలో, ఉంటుంది. లావు తీగ 73 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డీజే సబ్‌లు (లోతు మోత బాక్సులు) ఎగదోసేదీ అక్కడే. గిటార్‌కు 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (కింది స్వరాలను కోసేసే మీట) పెట్టకపోతే గిటార్, బేస్, కిక్ కలిసి ఒకటే గుమ్ము. డప్పు, గొంతు ఉంటే పోరాట పాట అయిపోయే జిల్లా ఇది, ఇక్కడి ఆపరేటర్‌కు ఇదంతా కొత్త. విసుక్కోకండి.

డ్రమ్ కిట్ అంతంతమాత్రం. హై హ్యాట్ (జోడు తాళాల) క్లచ్ జారుతుంది, స్నేర్ కింది తీగలు వదులు. యూటూ పాట డ్రమ్స్ ఒక్కటితోనే మొదలవుతుంది కాబట్టి అక్కడ దాచుకోవడానికి ఏమీ ఉండదు. స్నేర్, సింబల్స్ సొంతవి తెచ్చుకోండి.

జనరేటర్ మీద హమ్ వస్తే పెడల్స్, యాంప్, మిక్సర్ ఒకే బోర్డుకు కలపండి. ప్లగ్గు ఎర్త్ పిన్ పీకేస్తామంటే ఒప్పుకోవద్దు. హమ్‌తోపాటు ప్రాణం కూడా పోవచ్చు.

కిరాయి రోజు లెక్క, ఆటో ఖర్చు వేరే. లౌడ్‌స్పీకర్‌కు పోలీసు పర్మిషన్ మీరే తెచ్చుకోవాలి, ఆరుబయట రాత్రి 10కి బంద్. పెళ్లిళ్ల సీజన్‌లో పెద్ద ఆపరేటర్ దొరకడు, శిష్యుణ్ని పంపుతారు. ఎవరు కావాలని అడిగితే శిష్యుణ్నే అడగండి, చెప్పింది వింటాడు.