అయాన్ సోర్స్ ఇన్సులేటర్లకు ఏది మేలు: అల్యూమినా, మాకోర్, వెస్పెల్?

పాత మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్లను బరువును బట్టి వేరుచేసి చూపే యంత్రం)లో అయాన్ సోర్స్, అంటే శాంపిల్‌ను అయాన్లుగా మార్చే భాగం, విప్పగానే ముందుగా కంటపడేవి నల్లబడ్డ ఇన్సులేటర్లు. కొత్తవి చేయించేటప్పుడు ‘ఎంత వేడికి తట్టుకుంటుంది?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం, మురికి పట్టాక దాన్ని మళ్లీ తెల్లగా చేసుకోగలమా అని చూస్తాను. ఫిలమెంట్ (ఎలక్ట్రాన్లను వదిలే వేడి తీగ) నుంచి ఆవిరైన టంగ్‌స్టన్ లేదా రీనియం, శాంపిల్ వదిలిన కార్బన్ పలచటి పొరగా పేరుకుని కరెంటుకు దారి ఇచ్చేస్తాయి. ఇక అయాన్లను బయటికి నెట్టే పలక, రిపెల్లర్, మీద వోల్టేజీ నిలవదు, సిగ్నల్ ఊగుతుంది.

ఈ లెక్కన అల్యూమినాకే (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) నా ఓటు. కార్బన్ ఎంత పట్టినా, ఫర్నేస్‌లో గాలి తగిలేలా 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే పోతుంది. లోహపు పొర అన్నిసార్లూ అలా పోదు, అప్పుడు మార్చేయడమే. కష్టమల్లా దాన్ని మలచడంలో ఉంది. వజ్రపు టూల్స్ తప్ప దేనికీ లొంగదు. స్క్రూ కాస్త గట్టిగా బిగిస్తే పగులుతుంది. పైగా స్టెయిన్‌లెస్ స్టీల్ వేడికి దీనికంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి సందు వదలాలి.

వంకరటింకర ఆకారం కావాలంటే మాకోర్ హాయి. అభ్రకం లాంటి స్ఫటికాలు కలిసిన గాజు ఇది. మామూలు లేత్ మీద తిరుగుతుంది, తర్వాత కాల్చే పనిలేదు, 800 డిగ్రీల వరకు వాడొచ్చు. కానీ అంచులు పెచ్చులూడతాయి, సన్నని మరలు నిలవవు. వేడిని అల్యూమినాలో పదో వంతు కూడా పారనివ్వదు, అందుకే హీటర్‌కూ సోర్స్‌కూ మధ్య దాన్ని పెట్టను.

వెస్పెల్ పాలీఇమైడ్ ప్లాస్టిక్. కింద పడినా పగలదు, 300 డిగ్రీల దాకా పనిచేస్తుంది. అయితే తేమ పీల్చుకుంటుంది, వాక్యూమ్ దిగడానికి టైమ్ పడుతుంది. ఫర్నేస్‌లో పెట్టలేం, గరుకు కాగితంతో రుద్దితే కొలత మారిపోతుంది. కంపెనీ మొదట్నుంచీ వెస్పెల్ పెట్టిన చోట దాన్నే ఉంచుతాను, ఎందుకంటే ఆ కొలతలన్నీ దాని వ్యాకోచాన్ని బట్టి వేసినవే. పీక్ (PEEK) అనే మరో ప్లాస్టిక్ సంగతి వేరు. 143 డిగ్రీలు దాటాక మెత్తబడటం మొదలవుతుంది, 250 దగ్గర నడిచే సోర్స్‌లోకి రానివ్వను.

ఫిలమెంట్ పక్కన మాత్రం అల్యూమినా తప్ప మరోటి వద్దు. బిగించేటప్పుడు స్టీల్ పట్టకారుతో గీరుకోనివ్వకండి. ఆ బూడిదరంగు గీత కూడా లోహమే.