తూపిలిపాలెం బీచ్, చేపల పులుసు, ఒక జపాన్ పడవ

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతికి సముద్రం వచ్చింది, చిత్తూరుకి రాలేదు. ఆ కుళ్ళు మా బావకి ఇంకా పోలేదు. "మీ సముద్రం ఎప్పుడు చూపిస్తావు బామ్మర్దీ?" అని కనపడినప్పుడల్లా ఎత్తిపొడుపే. పోయిన నెల అక్క, బావ, మేనకోడలు, బావ వాళ్ళ అమ్మ చిత్తూరు నుంచి దిగారు. శనివారం తిరుపతిలో, ఆదివారం తూపిలిపాలెంలో అని ప్లాన్.

మాది రెండు గదుల అద్దె ఇల్లు, వాళ్ళకి లాడ్జి తప్పదు. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో గది దొరికితే అంత సుఖం ఇంకోటి లేదు గానీ, శనివారం దొరుకుతుందనుకోవడం అత్యాశ. బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో ఫోన్లో బుక్ చేశాను. ఫోటోలో కిటికీ పక్కన కొండ కనిపించింది. తీరా చూస్తే కిటికీ తీస్తే పక్క లాడ్జి గోడ. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే. ఆ గంటలో నలుగురు స్నానాలు చేయాలంటే అదొక టెన్షన్. నా సలహా ఏంటంటే డబ్బు కట్టే ముందు ఎవరినైనా పంపి గది చూసుకోండి.

శనివారం సాయంత్రం అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వెళ్ళాం. టెన్త్ చదివే పిల్ల ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి. ప్లానెటోరియంలో బావ నిద్రపోయాడు. చల్లగా ఉంది మరి.

తూపిలిపాలెం వంద కిలోమీటర్ల పైనే. నాయుడుపేట దాకా ఆర్టీసీ బస్సులకి లోటు లేదు. అక్కడి నుంచి వాకాడు వైపు బస్సో ఆటోనో చూసుకోవాలి. పెద్దావిడ ఉన్నారని మేం కారు మాట్లాడుకున్నాం. పెద్దవాళ్ళు లేకపోతే బస్సే నయం, సగం ఖర్చుతో పోతుంది.

దారిలో ఒక మెస్ దగ్గర ఆగాం. అరిటాకు, మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు. నెల్లూరు చేతి రుచి ఇంకా ఆ వైపు పోలేదు. అందరం కలుపుకున్నాం గానీ మేనకోడలు చేప ముక్కని ఆకు చివరికి నెట్టేసింది.

"నాకొద్దు మామా. జపాన్ వాళ్ళు అణు ప్లాంటు నీళ్ళు సముద్రంలోకి వదుల్తున్నారంట."

వదుల్తున్న మాట నిజమే. 2011 సునామీలో ఫుకుషిమా రియాక్టర్లు పాడయ్యాక వాటిని చల్లబరచిన నీళ్ళు ట్యాంకుల్లో పేరుకుపోయాయి. వాటిని శుద్ధి చేసి 2023 ఆగస్టు 24 నుంచి పసిఫిక్‌లోకి వదులుతున్నారు. చైనా వెంటనే జపాన్ చేపలు కొనడం ఆపేసింది. శుద్ధిలో రేడియోధార్మిక పదార్థాలు చాలావరకు పోతాయి కానీ ట్రిటియం పోదు. అది హైడ్రోజన్‌లోనే ఒక రకం, నీళ్ళలో నీళ్ళయి ఉంటుంది. అందుకే లీటరుకి 1,500 బెక్వెరెల్స్ లోపుకి పలచన చేసి వదులుతారు. ఒక్క బెక్వెరెల్ అంటే సెకనుకి ఒక్క పరమాణువు విచ్చిపోవడం. తాగే నీళ్ళకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక హద్దు 10,000. ఇదంతా చెప్పేసరికి ఆ చేప ముక్క కాస్తా బావ ఆకులోకి చేరిపోయింది.

"అయితే సముద్రానికి ఎప్పుడూ ఏమీ కాలేదా?" అంది పిల్ల. దానికి జవాబు ఆకు ముందు కూర్చుని చెప్పేది కాదు, బీచ్‌లో చెప్తానన్నాను.

బీచ్‌లో కూర్చున్నాక చెప్పింది ఇదీ. నిరుడు తమ్ముడి దగ్గరికి టోక్యో వెళ్ళినప్పుడు అందరూ చూసే టవర్లతో పాటు యుమెనోషిమా అనే చోటికి పోయాను. ఆ పేరుకి 'కలల దీవి' అని అర్థం, నిజానికి చెత్త పోసి పూడ్చిన నేల. షిన్ కిబా స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ పోవచ్చు. అక్కడ ఒక ప్రదర్శన హాలు ఉంది, టికెట్ లేదు, సోమవారం సెలవు. హాలు మొత్తాన్నీ ఒకే ఒక చెక్క పడవ ఆక్రమించుకుని ఉంటుంది. పేరు దైగో ఫుకుర్యు మారు, 'ఐదో అదృష్ట డ్రాగన్'. బోర్డులు ఎక్కువ జపనీస్‌లోనే, తమ్ముడు పక్కన లేకపోతే నాకు సగం అర్థమయ్యేది కాదు. అక్కడ ఒక చిన్న సీసా ముందు చాలాసేపు నిలబడిపోయాను. అందులో ఉన్నది శ్రీకాళహస్తి విభూతి పొట్లంలో అడుగున మిగిలినంత పొడి.

1954 మార్చి 1న మార్షల్ దీవుల్లో, బికినీ అనే పగడపు దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. 6 మెగాటన్నులు వస్తుందనుకున్నది 15 వచ్చింది (ఒక మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలినంత). బాంబులో వాడిన లిథియంలో ఏమీ కాదనుకున్న రకం కూడా మండింది. అప్పుడు ఈ పడవ సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, అమెరికా ప్రకటించిన ప్రమాద ప్రాంతానికి బయట ట్యూనా చేపలు పడుతోంది. తిరుపతి నుంచి చెన్నై కూడా అంత దూరం లేదు. పొడి పొడైన పగడపు రాయి రేడియోధార్మికత నిండిన తెల్లటి బూడిదై (ఆ సీసాలో ఉన్నది అదే) పడవలోని 23 మంది మీదా గంటల తరబడి రాలింది. అదేమిటో తెలియక వాళ్ళు గాలాల తాళ్ళు లాగుతూనే ఉన్నారు. ఊరు చేరేసరికి రెండు వారాలు. రేడియో ఆపరేటర్ కుబోయామా సెప్టెంబరు 23న చనిపోయాడు.

"ఆ చేపలేమయ్యాయి?" అంది పిల్ల. టోక్యో మార్కెట్‌కి చేరిన ట్యూనాలని పాతిపెట్టారు. ఆ ఏడాది వందల పడవల చేపలు పారబోశారు. ఆ ట్యూనాల పేరు మీద హాలు బయట ఒక రాయి నిలబెట్టారు. చేపకి సమాధి రాయి చూడ్డం నాకదే మొదలు. పడవని మాత్రం కడిగి, పేరు మార్చి, చదువుకునే పిల్లలకి శిక్షణ పడవగా వాడారు. 1967లో తుక్కు కింద ఆ చెత్త దిబ్బ దగ్గరే వదిలేస్తే జనం పట్టుబట్టి కాపాడుకున్నారు. దాని ఇంజన్ ఇంకో పడవలో బిగిస్తే ఆ పడవ మునిగింది. ఆ ఇంజన్ని 1996లో సముద్రంలోంచి పైకి తీశారు. ఇప్పుడు హాలు బయటే ఉంది, తుప్పుతో.

అసలు బికినీకే పోవచ్చు కదా అన్నాడు బావ. 1946లో అక్కడే జరిగిన అణు బాంబు పరీక్షలో మునిగిన సరటోగా అనే అమెరికా యుద్ధనౌకని చూడ్డానికి డైవర్లు పోతారు, 2010లో బికినీని యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. నాకైతే మనసొప్పదు. ఆ పరీక్షల కోసం ఆ దీవి వాళ్ళని 167 మందిని "కొన్నాళ్ళకే" అని ఖాళీ చేయించారు. తర్వాత కొందరు తిరిగొస్తే, 1978లో మళ్ళీ పంపేశారు. ఆ మట్టిలో పొటాషియం తక్కువ, కొబ్బరిచెట్లు దాని బదులు బాంబులు మిగిల్చిన రేడియోధార్మిక సీసియం పీల్చుకుంటాయి. సీసియం సగం తగ్గడానికే 30 ఏళ్ళు. చెట్టు నిండా కాయలుండీ బోండాం తాగలేని ఊరికి టూరిస్టుగా ఏం పోతాం?

తూపిలిపాలెం బీచ్ సంగతి చెప్పనే లేదు. ఇసుక శుభ్రంగా ఉంది, జనం తక్కువ. అలలు మాత్రం కాళ్ళ కింద ఇసుక లాగేస్తాయి, మోకాలు దాటి దిగకండి. మేం వెళ్ళినప్పుడు బట్టలు మార్చుకోడానికి చోటు దొరక్క అక్క కారులోనే తంటాలు పడింది. నీడ లేదు, గొడుగు పట్టుకెళ్ళండి. ఒక్కపూటకి బాగుంటుంది, రాత్రి ఉండాలనుకుంటే నాయుడుపేటకి వచ్చేయడం మేలు.

ఒడ్డున ఒకామె ఎండు నెత్తళ్ళు అమ్ముతోంది. చేప ముట్టని మేనకోడలే ముందు దిగి బేరమాడి, వాళ్ళ నాయనమ్మ కోసం కిలో కట్టించింది. "నువ్వు తినవు కదే?" అంటే, "నేను ఆలోచిస్తున్నా మామా, ఇంకా తేల్చుకోలేదు" అంది. కవరుకి ఎక్కడో చిల్లు ఉన్నట్టుంది. వాకాడు దాటేలోపే డ్రైవర్ ఏసీ ఆపి నాలుగు అద్దాలూ దించేశాడు.