హైదరాబాద్ ఈతకొలనులో శిక్షణ, హావ్‌లాక్ ఒడ్డున తొలి డైవ్

హైదరాబాద్‌లోనే ఈతకొలనులో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) మెలకువలు నేర్పి, ఆ తర్వాత అండమాన్‌లోని హావ్‌లాక్‌కు, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన ద్వీపానికి, తీసుకెళ్లే ఒక శిక్షణ సంస్థ ద్వారా నేనూ మా అన్నయ్య కూతురూ వెళ్లి వచ్చాము. సముద్రం అలవాటు లేని మన నగరవాసులు పడవ మీద నుంచి కాక, ఒడ్డు నుంచి నడిచి దిగే డైవ్‌తోనే మొదలుపెట్టాలని నా దృఢమైన అభిప్రాయం.

అందుకు హావ్‌లాక్ ఒడ్డునే ఉన్న పగడపు దిబ్బ నెమో రీఫ్ చక్కగా సరిపోతుంది. నడుము లోతు నీటిలో నిలబడే మాస్కు సరిచూసుకుని, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో ఊపిరి కుదుటపడ్డాకే ముందుకు కదలవచ్చు. పది మీటర్లు దిగేసరికి పీడనం రెట్టింపవుతుంది కానీ, చెవులను ఎక్కువగా బాధించేవి మొదటి కొన్ని మీటర్లే. అన్నయ్య కూతురు చెవి నొప్పెడుతోందని చేత్తో సైగ చేయగానే బోధకుడు ఆమెను కాస్త పైకి తీసుకొచ్చి, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదించి, ఆమె తల ఊపేదాకా ఆగి, మళ్లీ దించారు. ఆ ఓపికకు ఎంత ఫీజు ఇచ్చినా తక్కువే. ఆ తర్వాత కాసేపటికి, సీ అనిమోన్ అనే, పువ్వులా కనిపించే సముద్రజీవి కొసల మధ్య నుంచి నారింజ రంగు క్లౌన్‌ఫిష్ ఒకటి తన చోటును కాపాడుకోవడానికి ఆమె మాస్కు దాకా దూసుకొచ్చింది.

కొలనులోని శిక్షణ కూడా మెచ్చుకోదగినదే. ఉప్పునీరు మనిషిని ఎక్కువగా తేలుస్తుంది కనుక సముద్రంలో బెల్టుకు అదనపు బరువులు కావాలని ఇక్కడే వివరించారు. ఉబ్బసం, గుండె జబ్బులు, చెవి శస్త్రచికిత్సల వివరాలు ముందుగానే అడిగి, అవసరమైనవారిని వైద్యుని అనుమతి తెమ్మన్నారు.

లోపం ప్రయాణ ఏర్పాట్లలో ఉంది. మధ్యాహ్నం రెండో డైవ్ ముగించిన మాకు మర్నాడు ఉదయపు తొలి విమానానికే టికెట్లు కొన్నారు. డైవ్‌లో పీల్చిన గాలి నుంచి శరీరంలో మిగిలిన నైట్రోజన్ విమానంలోని తక్కువ పీడనం వల్ల బుడగలు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలన్నది అందరూ పాటించే సూచన. భద్రత గురించి అంత శ్రద్ధగా బోధించిన సంస్థ ఈ లెక్క చూసుకోకపోవడం నాకు బాధ కలిగించింది. అదనపు రుసుము మేమే భరించి విమానం మార్చుకున్నాము. శిక్షణకు ఇదే సంస్థను నిస్సంకోచంగా సూచిస్తాను, తిరుగు టికెట్టు మాత్రం ఎవరికి వారే కొనుక్కోవాలి.