ప్రభుత్వ వైద్య బీమాపై ప్రైవేటు టాప్ అప్: ఏ భాగం కొనాలి, ఏది వదిలేయాలి

విదేశాల్లో ప్రభుత్వ కవరేజీ పైన అమ్మే ప్రైవేటు ప్లాన్‌లో సాధారణంగా రెండు సరుకులు ఉంటాయి: ఒకటి ఆసుపత్రి కవర్, రెండోది పళ్లు, కళ్లద్దాల లాంటి ఎక్స్‌ట్రాలు. మొదటిది కొనదగ్గదే. రెండోదానికి ఎక్కువ మార్కులు వేయలేం.

ఆసుపత్రి కవర్ అసలు ఉపయోగం ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్లలో: మోకాలి మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా. నెలల తరబడి నిరీక్షణ తప్పుతుంది, సర్జన్‌ను మనమే ఎంచుకోవచ్చు, విడి గది దొరకవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోకండి. బ్రిటన్‌లో ప్రైవేటు పాలసీ ఉన్నా గుండెపోటు వస్తే వెళ్లేది అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఎమర్జెన్సీకే. షుగరు, ఆస్తమా లాంటి దీర్ఘకాలిక జబ్బుల నిత్య చికిత్స కూడా అక్కడి మామూలు పాలసీల్లోకి రాదు.

చాలామంది దెబ్బతినేది డాక్టరు ఫీజు దగ్గర. ఆస్ట్రేలియా లెక్క చూడండి. ప్రైవేటు పేషెంటుగా చేరితే ప్రభుత్వ షెడ్యూలు ఫీజులో (ఒక్కో చికిత్సకు ప్రభుత్వం పెట్టిన రేటులో) 75 శాతం అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్, 25 శాతం ప్రైవేటు బీమా సంస్థ కడతాయి. షెడ్యూలు 100 ఉండి సర్జన్ 180 అడిగితే, ఆ తేడాను భరించే గ్యాప్ ఒప్పందం సంస్థతో ఆయనకు లేనప్పుడు మిగతా 80 మీదే. మత్తు డాక్టరు, సహాయ సర్జన్ విడిగా బిల్లు వేస్తారు, అది ముందుగా ఎవరికీ తట్టదు. అందుకే ఆపరేషన్ ఐటెం నంబర్లు (షెడ్యూలులో ఆ చికిత్సకు ఉండే కోడ్‌లు), ముగ్గురు డాక్టర్ల ఫీజు అంచనాలు రాతపూర్వకంగా తీసుకుని, ఆ నంబర్లతోనే బీమా సంస్థకు ఫోన్ చేయండి. ఆసుపత్రికి వాళ్లతో ఒప్పందం ఉందో లేదో అదే ఫోన్‌లో అడగండి.

సింగపూర్‌లో చిక్కు వేరు. అక్కడి ప్రభుత్వ బీమా మెడిషీల్డ్ లైఫ్ లెక్కలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో సబ్సిడీ ఉండే బీ2, సీ వార్డులకు సరిపోయేలా ఉంటాయి. పై తరగతి వార్డుకు ప్రైవేటు భాగం కొనవచ్చు, కానీ ప్లాన్ తరగతిని మించిన గదిలో చేరితే మొత్తం బిల్లులో కొంత శాతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. కోత గది అద్దెకే పరిమితం కాదు.

వెయిటింగ్ పీరియడ్‌ను, అంటే పాలసీ కొన్నాక క్లెయిమ్ చెల్లని తొలి నెలలను, తేలిగ్గా తీసుకోవద్దు. ఆస్ట్రేలియాలో పాత జబ్బులకు, కాన్పుకు 12 నెలలు, మిగతా చాలావాటికి 2 నెలలు. అంటే గర్భం వచ్చాక కొంటే ఆ కాన్పుకు పనికిరాదు. కీళ్ల మార్పిడి, శుక్లం, కాన్పు తప్పనిసరిగా ఉండేది ఆసుపత్రి ప్లాన్లలో అన్నిటికన్నా పైదైన గోల్డ్ శ్రేణిలోనే. పేరులో సిల్వర్ ఉందని ఊరుకోకుండా చికిత్సల పట్టిక చదవాలి. ఆలస్యానికీ ఖరీదు ఉంది: 30 దాటాక ఆసుపత్రి కవర్ లేని ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 2 శాతం అదనం, గరిష్ఠంగా 70 శాతం.

ఎక్స్‌ట్రాలకు ఏటా పరిమితులుంటాయి, ఒక్కో సేవకు బిల్లులో కొంత భాగమే తిరిగొస్తుంది. గత రెండేళ్ల పళ్లు, కళ్లద్దాల బిల్లులు కూడి, అందులో ఎంత వెనక్కి వచ్చేదో రెండేళ్ల ప్రీమియంతో పోల్చండి. ప్రీమియం ఎక్కువైతే వదిలేయండి. కెనడా లెక్క వేరు: పెద్దవాళ్లలో చాలామందికి ఆసుపత్రి బయట వాడే మందులు ప్రభుత్వ కవరేజీలోకి రావు కాబట్టి అక్కడ మందులకూ చెల్లించే ఎక్స్‌ట్రాల భాగమే ముఖ్యం.

సంస్థ మారేటప్పుడు కొత్త పాలసీ ఖాయమయ్యాకే పాతది రద్దు చేయండి. ఆస్ట్రేలియాలో అదే స్థాయి కవర్‌కు మారితే పూర్తిచేసిన వెయిటింగ్ కాలం చెల్లుతుంది, కాకపోతే పాత సంస్థ ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ కొత్త సంస్థకు చేరిందో లేదో ఒకసారి అడగండి.